గుల్లల వరస

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త పైడితల్లి. ఎండుచేపలు తిరగేస్తూ చెప్పింది. ఆవిడ చెప్పినట్టే చెబుతాను. నడుమ ఎవరూ అడ్డం రావద్దు.

అనగా అనగా ఒక ఇసుక తీరం. ఆ తీరాన గుల్లపీతల ఊరు. గుల్లపీతకు వెనక ఒళ్ళు మెత్తన. గుల్లలో దూరితేనే బతుకు, లేదంటే కాకికి ముద్ద. ఒళ్ళు పెరిగినకొద్దీ గుల్ల మార్చాలి.

దానికి పూర్వం నుంచీ ఒక ఆచారం ఉంది. పెద్ద గుల్ల ఒడ్డుకు కొట్టుకొస్తే పీతలన్నీ పెద్దా చిన్నా వరసగా నిలబడతాయి. మొదటిది కొత్త గుల్లలోకి, రెండోది మొదటిదాని గుల్లలోకి, అలా చివరిదాకా. ఒక్క గుల్ల వస్తే పదిమందికి ఇల్లు.

ఊరిపెద్ద శంఖయ్య. కొత్త గుల్లలు వస్తే తన గుల్ల గొప్ప తగ్గుతుందని ఆయన దిగులు. అందుకని వరస ఆపించాడు. గుల్లలున్న వాళ్ళందరూ తల ఊపారు.

నూకాలని ఒక చిన్న పీత. దాని గుల్ల పగిలిపోయింది. సీసామూత ఒకటి వీపున మోసుకు తిరిగేది. సగం ఒళ్ళు బయటే. కాకి అరిస్తే రాతిసందుకు పరుగు.

అల ఒక గుల్లను తెచ్చింది.

"రంగు బాలేదు. మన వీధి పరువేం కాను?" అన్నాడు శంఖయ్య. మళ్ళీ నీళ్ళలోకి నెట్టేశారు.

రెండోది వచ్చింది.

"దీని నీడ నా గుమ్మం మీద పడుతుంది." అదీ నెట్టేశారు.

"మరి నేనెక్కడుండను మావా?" అంది నూకాలు.

"అవతలి తీరాన చవగ్గా దొరుకుతాయే అమ్మీ!"

"అక్కడ తిండి లేదు కదా."

"తిండి ఇక్కడ తిను, నిద్ర అక్కడ పో." అందరూ నవ్వారు.

మూడోది అన్నిటికంటే పెద్దది. "ఇంత దాంట్లో ఉండేదెవడు?" అని అదీ నెట్టించాడు. నూకాలు దాన్ని రాళ్ళ నడుమ ఆపి, నాచు కప్పింది. రోజూ వెళ్ళి చూసుకునేది. ఎన్నాళ్ళో.

శంఖయ్య తిన్నాడు, పెరిగాడు. ఒక మధ్యాహ్నం గుల్ల బిగిసి ఊపిరాడక బయటికొచ్చాడు. మళ్ళీ దూరబోతే పట్టలేదు. రాతి మీద కాకి వాలింది.

"గుల్ల! ఎవరైనా ఒక్క గుల్ల!"

నూకాలు నాచు లాగేసింది. "దూరు మావా."

దూరాక అడిగాడు, "ఇది దగ్గరుంచుకుని నువ్వెందుకు దూరలేదే?"

"అందులో నాలాంటివి ఇరవై పడతాయి. నాక్కావలసింది ఇది కాదు, వరస."

శంఖయ్య వదిలిన పాత గుల్లలోకి ఒకడు, వాడి గుల్లలోకి మరొకతె. అలా కదలగా కదలగా చివర బుల్లి గుల్ల ఒకటి మిగిలింది. నూకాలు సీసామూత దించి అందులో దూరింది. కాకి ఎగిరిపోయింది.

శంఖయ్య తల బయట పెట్టాడు. "ఇంక చాలు. ఊరు నిండిపోయింది."

ఈసారి ఎవరూ తల ఊపలేదు.

ఇప్పుడు మా ఊరి బడి గోడ మీద ఈ కథకు బొమ్మలేసి, కింద 'దాత శంఖయ్య' అని రాశారట. ఆయన ఇచ్చిందేముంది? అది తప్పని చెప్పి చెప్పి అలసిపోయాను. చెయ్యి తిరిగినవాళ్ళెవరైనా అది చెరిపి, నూకాలు పేరు పెట్టి, ఈ ముక్క రాయండి: పక్కవాడికి గూడు రానివ్వనివాడు తన గూటి తలుపే మూసుకుంటాడు.