సుంకమ్మ గొంతు, గోరింక కేక

అనగనగా ఒక ఊళ్ళో, చూపు ఆనినంత మేరా జొన్నచేలే ఉన్న ఊళ్ళో, సుంకమ్మ అని ఒకావిడ ఉండేది బంగారూ. ఆవిడది గొంతు కాదు, పిడుగు! మంచె ఎక్కి పిట్టల్ని తోలుతూ ఒక్క కేక వేసిందా, మూడూళ్ళ అవతల పాలు వాటంతటవే పెరుగైపోయేవి.

ఆ మంచె కప్పులోనే ఒక గోరింక కాపురం. గోధుమరంగు ఒళ్ళు, పసుపు కాళ్ళు, కళ్ళచుట్టూ పసుపు కాటుక. సుంకమ్మ రొట్టె తింటుంటే దొరసానిలా నడిచొచ్చి ముక్క అందుకునేది.

ఆ ఏడు సరిగ్గా కంకి గింజ పట్టే వేళకి సుంకమ్మ గొంతు పోయింది. గుసగుస కూడా రాదు! ఆ చేను పోతే ఏడాదంతా ఇంట్లో రొట్టె లేదు.

అప్పుడొచ్చాయమ్మా పలిసపిట్టలు! అవీ గోరింక జాతివే, దాయాదులు. కానీ ఎంత తేడా! గులాబిరంగు ఒళ్ళు, నల్లటి తల, తలమీద కుచ్చు. గోరింక జంటగా తిరుగుతుందా, ఇవి లక్షలుగా దిగుతాయి. ఆ గుంపు అడ్డం వచ్చేసరికి, పొద్దుగూకిందనుకుని సూర్యుడు ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకున్నాడు!

సుంకమ్మ వడిసెల తిప్పింది. తాడు తెగి, రాయి వెళ్ళి చందమామకి తగిలింది. ఆ మచ్చ అదే మరి!

ఆ తర్వాత డబ్బా వాయించింది. పిట్టలు ఆ తాళానికి ఇంకా హుషారుగా తిన్నాయి.

మూడోసారి నోరు తెరిచింది. గాలి వచ్చింది, కన్నీళ్ళు వచ్చాయి, కేక మాత్రం రాలేదు.

అప్పుడు కప్పులోంచి అచ్చం సుంకమ్మ గొంతే పేలింది. "ఓరి మీ కడుపులు కాలా! పోతారా, రొట్టెల కర్ర తియ్యాల్నా?"

ఎవరనుకున్నావు? గోరింక! రోజూ విని విని నేర్చేసుకుంది.

పలిసల పెద్ద ఉలిక్కిపడ్డాడు. "ఏమే చెల్లీ, సొంత జాతినే తరుముతావా?"

"మీరు చలికాలం చుట్టాలన్నా, రేపు ఎగిరిపోతారు. ఎండకీ వానకీ ఈమె పక్కన ఉండేది నేను! వాగు గట్టున మిడతలు కుప్పలున్నాయి, పోయి అవి మింగండి!"

మళ్ళీ వేసింది చూడు కేక! గుంపంతా ఒక్కసారే లేచింది. ఆ రెక్కల గాలికి, ఊళ్ళో ముందుగా కోత కోసినవాళ్ళందరి కళ్ళాల్లో పొట్టు దానంతటదే ఎగిరిపోయింది!

ఆ తర్వాత పంట ఇంటికొచ్చింది, దాంతో గోరింకా వచ్చింది, ఆఖరికి సుంకమ్మ గొంతూ వచ్చింది. మొదటి కేక మొగుడు మద్దిలేటి మీదే. "ఏమయ్యోవ్, నీళ్ళు తెచ్చినావా లేదా?"

చూరులోంచి అదే గొంతు: "తెచ్చినావా లేదా?"

పాపం మద్దిలేటి రెండు బిందెలూ భుజాన వేసుకుని, "తెస్తున్నా తల్లుల్లారా!" అంటూ పరుగో పరుగు.

కథ కంచికి, గింజ గాదెకి,
పలిస దాని దేశానికి, గోరింక మన చూరుకి,
నువ్వూ నేనూ మంచానికి!