మూడు పిలుపులకు రాని సాక్షి

కనుమపురిని ఏలిన ప్రచండదేవుడికి బిరుదులంటే మహా మోజు. అప్పటికే ఇరవై మూడు ఉన్నాయి. ఇరవై నాలుగోది 'సకలభూత పోషకుడు' అని తనే పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక దానికో రుజువు కావాలి గదా! ఉద్యానవనంలో కొలను ఒకటి తవ్వించి, పిట్టా పురుగూ అన్నీ వచ్చి అక్కడ నీళ్లు తాగాలని ఆజ్ఞాపించాడు.

ఆజ్ఞ మన్నించి అవన్నీ వచ్చాయి. వచ్చినవి తిరిగి వెళ్లలేదు. అదీ చిక్కు.

కొలను కట్టింది స్థపతి ఓబలాచారి. రాజుగారికి వంకర గిట్టదు గనక నూలు పట్టి నలుచదరంగా, నిట్టనిలువుగా గట్లు నిలబెట్టాడు. అన్నీ నల్లరాళ్లు, అద్దంలా నునుపు. నీళ్లు గట్టుకు మూరెడు కిందన ఉండేవి. ఆ రాతిలో తన మీసం చూసుకుని రాజుగారు మురిసిపోయేవాడు. నీళ్లమీద మాత్రం ఒకరోజు ఉడుత, ఒకరోజు తొండ, ఇంకోరోజు కౌజుపిట్ట కూన చచ్చి తేలుతుండేవి.

"తోటమాలి విషం కలుపుతున్నాడు ప్రభూ," అన్నాడు ఓబలాచారి. "గట్టు కట్టేటప్పుడే నాతో పేచీ పెట్టుకున్నాడు. ఆ కక్ష ఇలా తీర్చుకుంటున్నాడు."

తోటమాలి పోలయ్య నలభై ఏళ్లుగా ఆ తోట మట్టిలోనే బతుకుతున్నవాడు. భటులు అతన్ని కొలువుకు ఈడ్చుకొచ్చారు. కనుమపురిలో ఒక ధర్మం ఉండేది. ఎవరినైనా కొలువు మూడుసార్లు పిలుస్తుంది. మూడో పిలుపుకూ బదులు రాకపోతే నేరం ఒప్పుకున్నట్టే లెక్క.

"విషం కలిపావా?" అని రాజు సింహాసనం మీదినుంచి మూడుసార్లు గర్జించాడు. పోలయ్యకు నాలుక పిడచకట్టుకుపోయింది. అతనికి నిజం తెలుసు. అది చెప్పాలంటే రాజుగారి ముద్దుల గట్టును తప్పుపట్టాలి. పన్నెండు మెట్ల ఎత్తున కూర్చున్న మనిషితో ఆ మాట ఎలా అంటాడు? చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు.

"పొద్దుగుంకేలోగా ఇతన్ని పొలిమేర దాటించండి. మళ్లీ ఈ తోట ఛాయలకు రాకూడదు," అన్నాడు రాజు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా!

కొలువులో కూచన్న అని ఒక చతురుడు ఉండేవాడు. నవ్వించడం అతని ఉద్యోగం. ఆ పూట మాత్రం అతని ముఖంలో నవ్వు లేదు. కొలువుకు వస్తూ తోటలో ఒకటి చూసి వచ్చాడు మరి.

"ప్రభూ, ఇంకో సాక్షి ఉన్నాడు," అన్నాడు లేచి. "కొలను దగ్గరే ఉన్నాడు. అతన్ని విచారించకుండా తీర్పిస్తే ధర్మానికి లోటు."

"అయితే పిలిపించు."

"అక్కడినుంచి కదలలేడు. కొలువే అక్కడికి కదలాలి."

"నా పిలుపుకు రానివాడా? ఎవడు వాడు?"

"వెళ్లి మూడుసార్లు పిలిపించండి ప్రభూ. నిజం తేలకపోతే నేనూ పోలయ్యతో పాటు పొలిమేర దాటతాను."

రాజు, పరివారం, వెనక భటుల మధ్య పోలయ్య, అందరూ కొలను దగ్గరికి నడిచారు. కూచన్న వేలు చూపించాడు. నీళ్లలో, రాతి మూలకు ఒదిగి, ఒక కప్ప ఉంది.

రాజుగారి మీసం అదిరింది. "కూచన్నా! ఒకడి బతుకు తీర్పులో ఉండగా వేళాకోళమా?"

"వేళాకోళం కాదు మహారాజా. తమరు సకలభూత పోషకులు. సకల భూతాల్లో ఇదొకటి. పోషణకు పనికొచ్చినది సాక్ష్యానికి పనికిరాదా?"

బిరుదు అడ్డొచ్చింది. రాజు పళ్లు కొరుక్కుని వేత్రహస్తుడికి సైగ చేశాడు. అతను వెండిబెత్తం ఎత్తి అరిచాడు: "సకలభూత పోషక ప్రచండదేవ మహారాజులుంగారి సముఖానికి సాక్షి రావలెనహో!"

ఆ కేకకు కప్ప బెదిరి గట్టు గోడమీదికి ఎగిరింది. నునుపు రాతిని నాలుగు కాళ్లతో కరుచుకుని జానెడు పాకి, జర్రున జారి నీళ్లలో పడింది.

రెండో కేక వేశారు. ఈసారి బెత్తెడు పాకి పడింది. నేల కప్ప అది, పొద్దుటినుంచి ఈదుతూనే ఉంది. ఒంట్లో సత్తువ అయిపోయింది.

మూడో కేకకు ముందు కాళ్లు రెండూ రాతిమీద ఆనించింది. ఎగరలేకపోయింది. గొంతు కొట్టుకుంటూ అలాగే పైకి చూసింది.

"మూడు పిలుపులూ అయ్యాయి ప్రభూ," అన్నాడు ఓబలాచారి గొంతు సవరించుకుని. "సాక్షి రాలేదు. ధర్మప్రకారం..."

"నోర్ముయ్!" అన్నాడు రాజు. "కళ్లు కనబడటం లేదా? రావాలనే ఉంది దానికి. దారి ఎక్కడుంది?"

అంటూనే మోకాళ్లమీద కూర్చుని, భుజంమీది జరీ ఉత్తరీయం తీసి ఒక కొస నీళ్లలోకి జారవిడిచాడు. కప్ప ఆ బట్టను పట్టుకుంది. తడబడుతూ, ఆగుతూ పైకి వచ్చి, రాజుగారి మోకాలి పక్కనుంచి గరికలోకి దూరిపోయింది.

కూచన్న మెల్లగా అన్నాడు: "తీర్పు తమరే చెప్పారు ప్రభూ. ఆ ఉడుతకూ తొండకూ కూడా బయటికి రావాలనే ఉండి ఉంటుంది. విషం ఎవరూ కలపలేదు." కాస్త ఆగాడు. "ఇందాక కొలువులో కూడా ఒకడు మూడు పిలుపులకు బదులివ్వలేదు. వాడికీ చెప్పాలనే ఉంది."

రాజు తడి ఉత్తరీయం చేతిలో పట్టుకుని గట్టుకేసి చూశాడు. ఆ నల్లరాతిలో మీసం కనబడుతూనే ఉంది. ఆయన సిగ్గుపడ్డాడు. పిదప భటులను పక్కకు తప్పుకోమని, పోలయ్యను రమ్మని, మట్టిలోనే అతనికి ఎదురుగా కూర్చున్నాడు.

"పోలయ్యా, ఇప్పుడు చెప్పు."

పోలయ్య ముందుకు జరిగాడు. "దొరా, తమరు చేతుల్తో దోసిలి పట్టండి. ఆఁ, అట్టా ఏటవాలుగా ఉండాల ఒడ్డు. ఏటి ఒడ్డు చూడండి, నీళ్లు యాడ ఆగినయ్యో నేల యాడ మొదలయిందో తెలవదు. ఈ రాళ్లు పీకేసి, మట్టిని పల్లెంలాగా వాల్చి, గులకరాళ్లు పోయాల. ఒక పక్క తుంగ నాటితే, ఇంకో పక్క గరిక దానంతటదే నీళ్లలోకి పాకుద్ది. పురుగూ పుట్రా దాక్కోను సందులుండాల. అంచు వంకరటింకరగా పోవాల."

"వంకరగానా?"

"వంకరగానే దొరా. తమరికి గిట్టదు, నాకు తెలుసు. గిట్టకపోతే ఎట్టా? ఇంకోటి కూడా చెప్తున్నా. మామిడి పాదుల్లో సున్నం పొయ్యమన్నదెవరు? వేర్లు మాడిపోతన్నయ్యి. తమరు పొద్దున్నే పావుకోళ్లేసుకుని టకటకమని నారుమడి తొక్కుకుంటా పోతారు. నలభై ఏళ్లనుంచి చెబుదామనే ఉంది..."

ప్రచండదేవుడు ఒక్కసారి తన కాళ్లకేసి చూసుకుని పగలబడి నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి కూచన్న మెడలో వేశాడు. తోట పెత్తనమంతా పోలయ్యకు ఇచ్చాడు. రాళ్లు ఊడదీసే పని ఓబలాచారికి అప్పగించాడు. ఇకమీదట మూడో పిలుపు రాజే మెట్లు దిగివచ్చి, ఎదుట నిలబడి పిలవాలని ధర్మం మార్చాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. మంత్రి వంగి, భోజనానికి వేళయిందని రాజుగారి చెవిలో చెప్పాడు.

"ఆగవయ్యా," అన్నాడు రాజు, మట్టిలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ. "ఇతను ఇంకా ముగించలేదు."