రైటరు గారి సిరా

మా యజ్ఞన్న మాస్టారు ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. అడిగినవాడి ముఖం వంక ఒకసారి చూసి, చేతిలో ఉన్న పెన్ను పాళీని జుట్టుకి తుడుచుకుని, మళ్ళీ తన రాతలో పడిపోయేవారు. ఆ రోజుల్లో జుట్టుండగా పాళీ తుడవడానికి గుడ్డ ఎవడు వెతుక్కున్నాడు? ఆయన తల ముగ్గుబుట్టయిపోయినా కుడి చెవి మీద మాత్రం ఎప్పుడూ ఓ నీలపు చార ఉండేది. మాస్టారమ్మ ఎంత రుద్ది తలంటినా అది వదిలేది కాదు.

బందరులో ఆయన ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దున్నే మేం కొందరం చేరేవాళ్ళం. పేరుకి పద్యం నేర్చుకోవడానికే గానీ, సగం పొద్దు పెన్నుల కబుర్లతోనే గడిచిపోయేది. మా ఈడు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సిరాబుడ్డీ ఫిల్లరూ, చొక్కా జేబు కింద మరకా, ఆ మరకకి అమ్మ పెట్టే చీవాట్లూ, పేజీ మీద సిరా ఒలికితే సుద్దముక్క అద్దడం, పరీక్ష హాల్లో పక్కవాణ్ణి బతిమాలి నాలుగు చుక్కలు పోయించుకోవడం, ఇవన్నీ ఉంటేనే చదువు. తరవాత బాల్ పెన్ను వచ్చి అన్నిటినీ ఊడ్చుకుపోయింది. రాసి పారెయ్యడమట! పెన్నుని పారెయ్యడానికి చేతులెలా వస్తాయండీ? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాలో పట్టాభి అని, కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. పెన్నులంటే పడి చస్తాడు. ఏ ఊరెళ్ళినా పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన పాతకాలం పెన్నులు వెతికి తెచ్చేవాడు. మెత్తటి మఖమల్ పరిచిన పెట్టెలో వాటిని వరసగా పడుకోబెట్టి, రోజూ తుడిచి, మళ్ళీ మూత పెట్టేసేవాడు. ఒక్కదాంట్లోనూ చుక్క సిరా పోసి ఎరగడు. ఆ ఆదివారం కొత్తగా దొరికినదాన్ని తెచ్చి గర్వంగా మాస్టారి చేతిలో పెట్టాడు. నల్లటి ఒళ్ళు, నడుముకి బంగారు రంగు పట్టీ. మాస్టారు మూత తీసి, పాళీని బొటనవేలి గోటి మీద ఆనించి చూసి, "ఏదోయ్, ఆ సిరాబుడ్డి ఇలా అందుకో" అన్నారు.

పట్టాభి చటుక్కున పెన్ను లాగేసుకున్నాడు.

"అమ్మో, వద్దండీ! ఒక్కసారి సిరా తగిలిందంటే ఇక ఇదీ అన్ని పెన్నుల్లాంటిదే అయిపోతుంది."

మేమంతా నవ్వేసరికి కాస్త చిన్నబోయాడు. పెన్నుని పెట్టెలో సర్దుకుంటూ, "నవ్వకండి. నాకు నిజంగా తెలియకే అడుగుతున్నాను మాస్టారూ. మనసుపడ్డ వస్తువుని వాడుకోవాలా, దాచుకోవాలా?" అన్నాడు.

మాస్టారు తన పాళీని జుట్టుకి తుడుచుకున్నారు. సరిగ్గా అప్పుడే సుభద్రమ్మ గారు మెట్లెక్కి అరుగు మీదికి వచ్చారు.

ఆవిడ వెనక వీధి రైటరు గారి భార్య. రైటరు గారంటే దస్తావేజులు రాసే ఆయన. ఆయన చేతిరాత చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది. చుట్టుపక్కల ఏ ఇంట పెళ్ళయినా శుభలేఖల మీద పేర్లూ ఊళ్ళూ రాసే పని ఆయనదే. పిలవక్కర్లేదు, పెన్ను జేబులో పెట్టుకుని తనే వచ్చేసేవారు. తమ పేరు అంత అందంగా ఉంటుందని ఆయన రాస్తేనే తెలిసినవాళ్ళు మా పేటలో బోలెడు మంది. పాపం, ఆయన సొంత పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. అందరికీ రైటరు గారే. ఇక సుభద్రమ్మ గారి నోట ఆ పేరు విన్న మనిషే లేడు. ఓటర్ల జాబితా వాళ్ళొచ్చి భర్త పేరు అడిగితే, పక్కింటావిణ్ణి కేకేసి ఆవిడ చేత చెప్పించిన మనిషి ఈవిడ.

రైటరు గారు పోయి చాలా ఏళ్ళే అయింది. ఆవిడ అరుగు మీద కూర్చుని రవికెల గుడ్డ మూట విప్పారు. అందులో ఆయన పెన్ను. ఒంటినిండా పసుపు, మూతకి కుంకుమ బొట్లు, మూత తీస్తే పాళీ మీద కూడా ఓ బొట్టు!

"దేవుడి మందిరంలో పెట్టుకున్నాను మాస్టారూ. శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతూనే ఉన్నాను" అన్నారావిడ.

ఆ కుంకుమంతా పాళీ చీలికలోకి దిగి గట్టిపడి కూర్చుంది. మాస్టారికి నవ్వాగలేదు. "పెన్నుని పట్టుకెళ్ళి దేవుణ్ణి చేశావు తల్లీ! దేవుడయ్యాక ఇంకా మన పనులు చేస్తుందా?"

ఆవిడ నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

"మనవరాలి పెళ్ళి మాస్టారూ. అది ఇంత పిల్లప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీ శుభలేఖలన్నీ నా చేత్తోనే రాస్తానే అనేవారు. అన్నీ కాకపోయినా, మొదటిదైనా ఈ పెన్నుతో రాయాలని నా ఆశ. పొద్దున కూర్చుని ఎంత గీసినా గీత పడలేదు." సంచిలోంచి అంచులకి పసుపు రాసిన శుభలేఖలు తీశారు. మా వైపు మొదటి శుభలేఖ తిరపతి వెంకన్నకి. అది రాస్తే గాని బంధువులకి రాయడం మొదలుపెట్టరు.

పట్టాభికి ఇలాంటివి చేతికందితే పండగే. "ఇంతేనా అండీ! క్షణంలో పని" అంటూ పెన్ను అందుకుని మర విప్పాడు. లోపల గొట్టం గోడలకి సిరా ఎండి పెచ్చు కట్టుకుపోయి ఉంది. "అబ్బో, బాగా పట్టేసింది. కుళాయి కింద పెట్టి కడిగేస్తే కొత్తదానిలా వస్తుంది" అని లేచి పెరటి వైపు అడుగు వేశాడు.

"ఆగు నాయనా!"

సుభద్రమ్మ గారు ఒక్క ఉదుటున లేచి అతని చెయ్యి పట్టేసుకున్నారు. ఆ వయసులో ఆవిడకంత విసురెక్కణ్ణించి వచ్చిందో మాకర్థం కాలేదు.

"అది ఆయన పోసుకున్న సిరా. పడిపోయిన రోజు పొద్దున, కాఫీ కూడా తాగకుండా, కిటికీ దగ్గర కూర్చుని పోసుకున్నారు. ఆయన మళ్ళీ రాయడానికి మూత తియ్యలేదు..." పట్టాభి ఆ పెన్నుని రెండు చేతులతో పట్టుకుని, కదిలితే ఏమవుతుందో అన్నట్టు నిలబడిపోయాడు.

మాస్టారు నెమ్మదిగా దాన్ని అతని చేతిలోంచి తీసుకున్నారు. పాళీ ఉన్న ముక్కని గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కుంకుమ వదిలాక, ఆ ఎర్రటి నీళ్ళు కనకాంబరం మొక్క మొదట్లో పోశారు. గొట్టాన్ని మాత్రం కడగలేదు. ఫిల్లరుతో అందులో నాలుగంటే నాలుగు చుక్కల మంచినీళ్ళు వేసి, పెన్ను బిగించి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు రుద్దుతూ కూర్చున్నారు. ఎవరూ పద్యం ఊసెత్తలేదు. మళ్ళీ మర విప్పి ఆవిడ వైపు వంచి చూపించారు. లోపల పల్చగా నీలం కదులుతోంది.

"లేచింది చూడమ్మా. ఎండిందే గాని ఎక్కడికీ పోలేదు."

ఆవిడ ఆ గొట్టంలోకి తొంగి చూశారు. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"రాస్తే అయిపోతుందిగా మాస్టారూ?"

"అయిపోతుంది."

"రాయకపోతే?"

"మళ్ళీ ఎండుతుంది."

సుభద్రమ్మ గారు శుభలేఖల కట్టని ఒకసారి సర్దారు, మళ్ళీ సర్దారు. రాసుకుంటే ఆయన మాట నిలుస్తుంది, ఆయన సిరా పోతుంది. నన్నడిగితే నేనేం చెప్పేవాణ్ణో నాకే తెలియదు. చివరికి ఆవిడ చెయ్యి చాపి, "ఇలా ఇవ్వండి" అన్నారు.

కొత్త పెన్ను పట్టినా పాత పెన్ను పట్టినా ముందు ఓ కాయితం మీద శ్రీ చుట్టి చూసుకోవడం మాకలవాటు. నేను చిత్తుకాయితం అందించబోయాను. "వద్దు నాయనా. దాని మీద వృథా చెయ్యను" అని, తిన్నగా శుభలేఖ మీదే పెన్ను పెట్టారు. పాళీ బరబరా గీరింది గానీ సిరా దిగలేదు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. ఆవిడ ముఖం పాలిపోయింది.

"కంగారు పడకు. పాళీ ఆయన చెయ్యి మరిగింది, నీ చేతికి లొంగదు" అన్నారు మాస్టారు. "ఆయన ఎలా పట్టుకునేవారో గుర్తుందా?"

"గుర్తు లేకపోవడమేమిటి!" ఆవిడ కసురుకున్నంత పని చేశారు.

శుభలేఖని ఏటవాలుగా తిప్పారు. పెన్నుని బాగా వెనక్కి పట్టుకుని, దాదాపు బొటనవేలి సందులో పడుకోబెట్టారు. మోచెయ్యి దూరంగా జరిపి, మెడ ఎడమవైపు వాల్చారు. అచ్చం రైటరు గారే. ఆయన మా ఇంట్లో మా అక్క పెళ్ళికి అలాగే కూర్చుని రాశారు. ఈసారి పాళీ చప్పుడు చెయ్యలేదు. నీలపు గీత దానంతటదే సాగింది.

మేమందరం మెడలు చాచి చూశాం. ఆవిడ రాసింది వెంకన్న పేరు కాదు.

"శ్రీ కోదండపాణి గారికి."

ఔను, అదే రైటరు గారి పేరు! నాకప్పుడు గుర్తొచ్చింది.

"వెంకన్నకి రెండోది రాస్తాను. ఆయనేమీ అనుకోడు" అన్నారు సుభద్రమ్మ గారు, తలెత్తకుండా. రెండో శుభలేఖ తీసి మొదలుపెట్టారు. 'శ్రీ వేంకటేశ్వర' వరకూ బాగానే వచ్చింది. 'స్వామి' దగ్గర రంగు వెలిసింది. 'వారి' అన్న మాట మంచి వెలుతురు ఉంటే తప్ప కనబడేలా లేదు. ఆ తర్వాత పాళీ ఊరికే కాయితం మీద తిరిగింది. ఆవిడ పెన్ను విదిలించి చూశారు. ఏమీ లేదు.

"అయిపోయింది మాస్టారూ." కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

మాస్టారు పెన్ను అందుకున్నారు. అలవాటు కొద్దీ పాళీని జుట్టు దాకా తీసుకెళ్ళి, ఆగి, పంచె చెంగుతో మెల్లగా తుడిచారు. ఈలోగా ఎవరూ అడక్కుండానే పట్టాభి సిరాబుడ్డి మూత తీసి ఆయన ముందు పెట్టాడు.

"అయిపోవాలనే కదమ్మా," అన్నారు మాస్టారు ఫిల్లరు అందుకుంటూ, "ఆయన పోసుకున్నది."