నక్క పెంచిన కొమ్ముల తొండ

జొన్నచేలు అయిపోయి రాళ్ళగుట్ట మొదలయ్యే చోట ఒక పాడుబడ్డ కావలి గుడిసె ఉండేది. అందులో జంబయ్య అనే నక్క కాపురం. గుట్ట మీది ఎర్ర ఇసుకలో కొమ్మక్క అనే కొమ్ముల తొండ బతికేది. రొట్టెలా చదునైన ఒళ్ళు, తల చుట్టూ కొమ్ములు. ఎండ కాచుకోవడం, చీమల్ని ఏరుకు తినడం, అంతే దాని బతుకు.

ఒకరోజు జంబయ్య దాన్ని నోట కరిచాడు. కొమ్మక్క కళ్ళలోంచి నెత్తురు చిమ్మింది. ఆ చేదుకు నక్క నాలుక మొద్దుబారింది. థూ అని ఉమ్మేశాడు గానీ వదల్లేదు. కాలితో అదిమిపట్టి ఆలోచించాడు.

"తింటే చేదు, చూపిస్తే లాభం" అనుకున్నాడు.

గుడిసెలో పాత బాన ఒకటి ఉంది. తొండను అందులో పడేసి, చేలన్నీ తిరిగి చాటాడు. "కళ్ళతో నెత్తురు కార్చే వింత నా ఇంట్లో ఉంది. చూడాలంటే తినేది ఏదైనా పట్టుకు రండి!"

వింత అంటే ఎవరికి ఆశ ఉండదు? అడవిపిల్లి ఎలుకను తెచ్చింది. కాకి కోడిగుడ్డు తెచ్చింది. గంగులు అనే గాడిద దోసకాయ తెచ్చాడు. జంబయ్య పుల్లతో పొడిచి తొండచేత నెత్తురు చిమ్మించేవాడు. వాళ్ళు తెచ్చినవాటిలో మంచివి తాను మింగి, మిగిలింది బానలో విదిల్చేవాడు.

"తినవేం కొమ్మక్కా? ఎలుక తోక, లేతగా ఉంది."

"నాకు పడదు బావా. నేను చీమలు తినేదాన్ని."

"ఇంత విందు వదిలి చీమలా? తింటూ ఉంటే అదే అలవాటవుతుంది."

అలవాటు కాలేదు. బాన అడుగున ఎండ లేదు. తొండ పొట్ట వీపుకు అంటుకుపోయింది. ఎంత పొడిచినా నెత్తురు చుక్క రాలేదు.

"ఇదేం వింత జంబయ్యా? ఎండుటాకులా ఉంది" అని పెదవి విరిచాడు గంగులు. తెచ్చిన దోసకాయ వెనక్కి పట్టుకుపోయాడు.

ఇక కూడు పోతుందని జంబయ్యకు భయం పట్టుకుంది. తానే పోయి నల్లచీమల్ని నోట పట్టి తెచ్చి బానలో రాల్చాడు. కొమ్మక్క నాలుగు తిని ఊరుకుంది.

"ఇంకా ఏం లోటు?" అన్నాడు విసుగ్గా.

"ఎండ బావా. ఒళ్ళు వెచ్చబడకపోతే తిన్నది అరగదు. నువ్వు మోసుకొచ్చేవి నాకు ఏ మూలకు? ఎర్రచీమల పుట్ట దగ్గర ఒక్క పూట కూర్చోబెట్టు, మళ్ళీ నిండుగా అవుతాను."

"బయటికి తీస్తే పారిపోవూ?"

"ఈ నీరసంలో ఎక్కడికి? నమ్మకం లేకపోతే నా తోక మీద కాలేసుకుని నువ్వే కూర్చో."

జంబయ్య ఆ మాటల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చీమలు తింటుందా? తింటుంది, కళ్ళారా చూశాడు. ఎండ కావాలా? ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. ఎక్కడా అబద్ధం దొరకలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం దాన్ని పుట్ట పక్కన దించి, తోక మీద కాలు వేసి కూర్చున్నాడు. "తొండకు ప్రాణం లేచొచ్చింది, చూడ్డానికి రండి" అని అందరికీ ముందే కబురు చేశాడు.

కొమ్మక్క కదలకుండా తింటూ పోయింది. పుట్టంతా రేగింది. తొండ తోలు గట్టిది, చీమల కాటు దానికి లెక్కలేదు. నక్కది మెత్తటి ఒళ్ళు.

"అబ్బా! ఇంక చాల్లే!"

"అప్పుడేనా బావా? సగం కడుపే నిండింది."

జంబయ్య పళ్ళు బిగించాడు. చీమలు తొడ ఎక్కాయి, చంకలో చేరాయి, చెవిలో దూరాయి. కాలు తీస్తే కూడు పోతుంది, తీయకపోతే తోలు పోతుంది. చివరికి ఒకటి ముక్కులో దూరి కుట్టింది. జంబయ్య కేకపెట్టి గాల్లోకి ఎగిరాడు.

కొమ్మక్క ఒళ్ళు అటూ ఇటూ ఊపి ఇసుకలో పూడుకుపోయింది. కొమ్ముల మొనలు కూడా పైకి కనబడలేదు.

అప్పటికే అందరూ వచ్చారు. జంబయ్య ఒళ్ళు గీక్కుంటూ, తోక కొరుక్కుంటూ గిరగిరా తిరుగుతున్నాడు.

"తొండేది?" అంది అడవిపిల్లి.

"దాంతో పనేముంది? ఈ వింతే బాగుంది" అన్నాడు గంగులు.

తెచ్చినవి ఎవరివి వాళ్ళే తింటూ, అందరూ తీరిగ్గా నిలబడి చూశారు.

పెంచేవాడు తన కడుపే చూసుకుంటే, పెరిగేది తన దారి చూసుకుంటుంది.