ఈరమ్మ కాలు

అనగనగా అని మొదట ఎవరన్నారో తెలియదు గానీ, అడవి అంచున ఒక ఊరు. ఊరి పక్కన ఒక దారి. ఆ దారి పట్టుకుని అయిదు రోజులు నడిస్తే మల్లన్న కొండ. ఏటా శివరాత్రికి ఊరంతా గుంపు కట్టి నడిచేది.

ఆ ఊళ్ళో ఒక ముసలమ్మ ఉండేది. పేరు ఈరమ్మ. బతికినన్నాళ్ళూ ఆ పేరు ఎవరూ పూర్తిగా పలకలేదు. "ఈరీ" అనేవాళ్ళు. చచ్చిపోయాకే ఈరమ్మ తల్లి అయింది.

ఈరమ్మ పని కాళ్ళు చూడటం. శివరాత్రి నెల ఉందనగా ఆమె పాక ముందు జనం చేరేవాళ్ళు. వాళ్ళచేత మూడు పనులు చేయించేది. జొన్న కోసిన చేలో ఒట్టికాళ్ళతో నడిపించేది. ఎండకు కాగిన బండ మీద నిలబెట్టేది. మూట నెత్తిన పెట్టి వాగు ఇసకలో తిప్పేది. సాయంత్రం ఒక్కొక్కరి కాలూ ఒళ్ళో పెట్టుకుని, ముళ్ళు తీసి, పగుళ్ళకు ఆముదం రాసి, "ఈ కాలు పోతుంది", "ఈ కాలు ఇంకో వారం ఆగాల" అని చెప్పేది. ఆమె పొమ్మన్న కాలు ఏనాడూ దారిలో ఆగలేదు.

తిరిగొచ్చాక కూడా అందరూ ఆమె దగ్గరికే. అలా ముప్పై ఏళ్ళు. ఆ దారిలో ఒక్క అడుగు వెయ్యకుండానే దారంతా ఆమెకు తెలిసిపోయింది. తీసిన ముల్లు చూసి, "ఇది రెండోరోజు వాగు దాటినాక గుచ్చుకుంది గదా?" అనేది. బొబ్బ చూసి, "మూడోరోజు నల్లబండ మీద మిట్టమధ్యాహ్నం నడిచినావు. పొద్దున్నే దాటమంటే ఇనవు గదా!" అనేది.

ఆమెకు ఒక్కటే కోరిక. చచ్చేలోగా ఒక్కసారి తన కాళ్ళతో నడిచివెళ్ళి, మల్లన్న గుడి శిఖరం చూడాలి.

గుంపుకి పెద్ద మహదేవయ్య. ఆయన నడవడు. నలుగురు మోసే డోలీలో కూర్చుని పోతాడు.

మొదటి ఏడు ఈరమ్మ అడిగింది. "అయ్యా, నేనూ వస్తా."

"ముసలిదానివి. దారిలో పడితే నిన్నెవరు మోస్తారు? వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. డోలీలో కూర్చునే అన్నాడు ఆ మాట.

రెండో ఏడు అడిగింది. "అయ్యా, నేనూ వస్తా."

"నువ్వొస్తే వెనకొచ్చే పక్క ఊళ్ళ గుంపుల కాళ్ళు ఎవరు చూస్తారే? వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

మూడో ఏడు అడిగింది. "అయ్యా, నేనూ వస్తా."

ఈసారి ఆయనకు చిరాకేసింది. "ఊరందరి కాళ్ళు పట్టిన చెయ్యి నీది. ఆ చేత్తో మా బసల్లో నీళ్ళు ముంచుతావా? గుంపంతా మైల పడుతుంది. నువ్వు రాకూడదు."

ఈరమ్మ తన చేతులు చూసుకుంది. "ఈ చేతులకున్న మురికి మీ కాళ్ళదే గదయ్యా! మీ కాలు నా ఒళ్ళోకి వచ్చేటప్పుడు లేని మైల, నా కాలు మీ దారిలోకి వచ్చేసరికి యాడనుంచి వచ్చింది?"

ఆమె బాగుచేసిన కాళ్ళన్నీ అక్కడే నిలబడి ఉన్నాయి. ఒక్క కాలూ ఆమె పక్కకు జరగలేదు.

మైల అన్నాక ఆమె దగ్గరికి ఎవరు పోతారు? ఆ ఏడు ఎవరూ కాళ్ళు చూపించుకోలేదు. ఈరమ్మ ఆముదం బుడ్డి, ముల్లు తీసే సూది, పాత గుడ్డ పీలికలు మూటకట్టుకుని, గుంపు కంటే ఒకరోజు ముందే ఒంటరిగా బయలుదేరింది.

గుంపు మూడోరోజు నల్లబండ చేరింది. మిట్టమధ్యాహ్నం. డోలీలో ఉన్నవాడికి బండ వేడి ఏం తెలుస్తుంది? "నడవండి, నడవండి" అన్నాడు మహదేవయ్య. సగం బండ దాటేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. డోలీ ముందు కర్ర మోసే కొండయ్య కూలబడ్డాడు. "కాళ్ళే లేవట్లేదు. ఇంక డోలీ యాడ లేస్తుందయ్యా?"

మహదేవయ్య దిగి నడిచాడు. పదో అడుగులో ముల్లు గుచ్చుకుంది. కుంటుకుంటూ బండ చివరికి వస్తే, పొద నీడలో అలసట తీర్చుకుంటూ ఈరమ్మ కూర్చుని ఉంది.

ఆయన మొహం తిప్పుకుని కాలు చాపాడు.

"మైల గాదా అయ్యా?"

"ఆపదలో మైల లేదు."

"అట్లనా! ఆపద మీదైతే మైల లేదు. ఆశ నాదైతే మాత్రం ఉంది." అంటూనే ముల్లు తీసేసింది. పొద్దు గుంకేదాకా అందరి కాళ్ళూ చూసింది. పీలికలు చాలక తన కొంగు చించి కట్టింది. బుడ్డిలో ఆముదం అడుగంటింది. మర్నాడు డోలీ మళ్ళీ లేచింది, ఈరమ్మ గుంపుతోనే నడిచింది.

అయిదోరోజు ఆఖరి ఎక్కుడు. మూడు మలుపులు తిరిగితే శిఖరం కనపడుతుంది. మొదటి మలుపు దగ్గర ఈరమ్మ రాతి మీద చతికిలబడింది.

"అమ్మా, నా అరికాలు ఒక్కసారి చూస్తావా? నా కాలు నాకు ఆనట్లేదు" అని ఒకామెను అడిగింది. "అభిషేకం వేళవుతోంది అవ్వా" అని ఆమె పోయింది.

కొండయ్యను అడిగింది. "అయ్యను దించేసి వస్తా అవ్వా" అన్నాడు అతను.

మహదేవయ్యను అడిగింది. ఆయన డోలీ తెర దించుకున్నాడు. డోలీ ముందుకు పోయింది.

మర్నాడు తిరిగొచ్చేసరికి ఆమె ఆ రాతి మీదే ఒరిగి ఉంది. ఊపిరి లేదు. కాలు మోకాలిదాకా నల్లబడి వాచిపోయి ఉంది. అరికాల్లో దబ్బనమంత ముల్లు. అందరి కాళ్ళూ బాగుచేసి, వాళ్ళతో సమంగా నడవడానికి రెండు రోజులు దాని మీదే అడుగులేసింది.

మహదేవయ్య చేతులు జోడించాడు. "పుణ్యాత్మురాలు. శివుడే తీసుకుపోయాడు. నాలుగు రాళ్ళు పేర్చి పోదాం పదండి."

"శివుడు గాదయ్యా, ముల్లు" అన్నాడు కొండయ్య. ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని, ఆమె సూదితోనే ముల్లు తీశాడు. తీసి, లేచి నిలబడ్డాడు. "డోలీ దిగు."

"శవాన్ని డోలీలోనా! మైల..."

"ఆపదలో మైల లేదని నువ్వే అంటివి గదా. దిగు!"

ఆయన దిగాడు. నలుగురూ ఈరమ్మను ఎత్తుకున్నారు. ఒక మలుపు, రెండు మలుపులు, మూడు మలుపులు. అక్కడ డోలీ దించి, ఆమె మొహం శిఖరం వైపు తిప్పారు.

ఇప్పుడు కొందరు కథ మార్చి చెబుతున్నారు. ఈరమ్మ వెలుగై పోయిందట, పూలవాన కురిసిందట. నమ్మకండి. పూలూ లేవు, వెలుగూ లేదు. ముల్లు ఉంది, చూసేవాళ్ళు లేరు. తీయటానికి రెప్పపాటు పట్టేది. కథలో ఇంకేం మరిచిపోయినా ఫరవాలేదు గానీ, ముల్లును మాత్రం మరిచిపోకండి.

ఈనాటికీ ఆ మొదటి మలుపు దాటి డోలీ పోదు. ఎంత పెద్దవాడైనా దిగాల్సిందే. నడిచేవాళ్ళంతా అక్కడ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి కాలు ఒకరు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటారు. గుంపులో పెద్ద ఎవరో, అందరికంటే చిన్నవాళ్ళ కాలు ఆయనే చూడాలి. ఆ రాతి మీద ఒక చుక్క ఆముదం వెయ్యాలి.

ఎవరైనా తొందరపడి లేస్తే, పక్కనున్నవాళ్ళు చెయ్యి పట్టి లాగుతారు.

"కూచో. ఈరమ్మ కాలు ఇంకా ఎవరూ చూళ్ళేదు."