దొడ్డిగుమ్మం గొళ్ళెం

కుళ్ళాయప్పకు ఆ ఇంట్లో అన్నీ ఇష్టమే, ఒక్క వంటిల్లు తప్ప.

పెన్న ఒడ్డున దస్తగిరి తాత ఉండే పాత మట్టిమిద్దె అది. ఒకప్పుడు దూది ఏకిన ఇల్లు. దూదేకే విల్లు ఒకటి ఇప్పటికీ నడవలో గోడకు వేలాడుతూ ఉంటుంది. తాత ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాడు. జనం వస్తారు, ఆయన పక్కన కాసేపు కూర్చుంటారు, మనసు నిమ్మళించాక లేస్తారు. పోయే ముందు ఒక ముద్ద తింటారు. ఆ ముద్దే ఆ ఇంటి మంత్రమని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

వండేది మాబమ్మవ్వ. ఆమె వంటిల్లు చూడాలి! గోడలు కాటుక పూసినట్టుండేవి. మిద్దె కప్పుకు గవాచి ఉంది, అంటే వెలుతురు కోసం వదిలిన చిన్న కన్నం. దాంట్లోంచి ఎండ కడ్డీలా దిగి, పొగలో ఈదుకుంటూ, పొద్దున పొయ్యి దగ్గర మొదలై మధ్యాహ్నానికి దొడ్డిగుమ్మం చేరేది. అవ్వకు గడియారం అదే. ఎండ గుమ్మాన్ని తాకే వేళకు బయట గొళ్ళెం గొలుసు రెండుసార్లు మోగేది.

అవ్వ తలుపు జానెడు తెరిచేది. ఒక చెయ్యి లోపలికి వచ్చేది. ఆ చేతిలో రాగి సంగటి ముద్ద పెట్టి, ముద్ద గుంటలో పప్పు పోసేది. మొహం చూడకూడదు, పేరు అడగకూడదు. తాతకు గురువైన ఆయన పెట్టిపోయిన ఆనవాయితీ అది. అవ్వ అనాల్సింది ఒక్క మాటే.

"రేపు గూడా పొయ్యి మండుతాది."

"నాకు చేతులు తెలుసు గానీ మొహాలు తెలీవప్పా" అని నవ్వేది అవ్వ. ఒక చేతి వేలికి ఉంగరం తీసేసిన చోట తెల్లటి మచ్చ. ఇంకో చేతికి సిరా మరకలు. ఆ సిరా చెయ్యి వచ్చిన రోజు గడప మీద గొడుగు నీడ పడేది. అంతకుమించి ఆమెకేమీ తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు.

పొగకు అవ్వ దగ్గుతుంటే కుళ్ళాయప్ప చూడలేకపోయేవాడు. ఒకరోజు ఉండబట్టలేక తాత ముందు నిలబడ్డాడు.

"వంటిల్లు కొత్తగా కడతా తాతా. అవ్వకు పొగ బాధ తప్పుతుంది."

"చెయ్ అబ్బీ" అన్నాడు తాత. "నీ చేతులు ఎట్లాగూ ఊరుకోవు."

కుళ్ళాయప్ప పనిమంతుడు, అందులో రెండో మాట లేదు. తొమ్మిదేళ్ళ కింద ఈ ఇంటికి వచ్చి, ఇక్కడే తాపీ పట్టడం నేర్చాడు. అతను నున్న చేసిన గోడ మీద ఈగ వాలినా జారాల్సిందే. అయితే పనిమంతులకుండే రోగం అతనికీ ఉంది. చూసినవాళ్ళు 'బాగుంది' అనాలి. ఊరంతా అంటే చాలదు, తాత అనాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, పాత ఇంట్లో వంటిల్లు మార్చి చూడు అని ఎవరూ అనలేదు. అన్నవాడు బతికి బట్టకట్టలేదేమో! మసి గీకితే కింద ఇంకో మసి. ఒక రాయి కదిపితే నాలుగు రాళ్ళు మేమూ వస్తామన్నాయి. వంట ఇంటి ముందు వాకిట్లోకి మారింది. మూడు వారాలు కుళ్ళాయప్ప దుమ్ములోనే తిన్నాడు, దుమ్ములోనే పడుకున్నాడు.

పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. పొగగొట్టం వచ్చింది. గవాచికి అద్దం బిగించాడు. ఇక నిలబడి వండుకునేందుకు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నల్లటి కడప బండ పరవాలి. దానికి దొడ్డిగుమ్మం అడ్డం.

"అన్నీ నీ ఇష్టం. ఆ తలుపు మాత్రం ముట్టుకోవద్దప్పా" అంది అవ్వ.

"ముందర బెంచీలు వేస్తున్నా కదవ్వా! బోర్డు కూడా రాస్తా. దర్జాగా ముందుకు వచ్చి తింటారు. దొంగల్లాగ ఎనక నుంచి ఎందుకు?"

ఆ మాట అంటుంటే అతని గొంతు ఎందుకో లేచింది. అవ్వ అతని మొహం చూడలేదు, తాపీ పట్టిన చెయ్యి వంక చూసింది.

తలుపు ఊడబీకి, ఇటుక పేర్చి, సిమెంటు పూశాడు. తాత వచ్చి కొత్త గోడను అరచేత్తో నిమిరాడు. బాగుంది అంటాడని కుళ్ళాయప్ప ఎదురుచూశాడు.

"గొళ్ళెం ఏం చేసినావు?" అనడిగాడు తాత.

"పాత ఇనుములో పడేసినా తాతా."

"ఓహో" అంటూ తాత వెళ్ళిపోయాడు.

కొత్త వంటింట్లో మొదటి వంట జరిగింది. అవ్వ దగ్గలేదు. బెంచీలు నిండాయి. 'ఆకలైనవారంతా రండి' అని ఎర్ర రంగుతో కుళ్ళాయప్ప రాసిన బోర్డు చూసి జనం మెచ్చుకున్నారు. తాత ఎప్పుడూ అందరి తర్వాతే తింటాడు. కంచం ముందు కూర్చుని రోజూ అడిగే మాటే అడిగాడు.

"అందరూ తిన్నారా, మాబమ్మా?"

"ముందరికి వచ్చినోళ్ళు తిన్నారు తాతా."

తాత కంచం పక్కకు జరిపి, చెంబెడు నీళ్ళు తాగి లేచాడు.

కుళ్ళాయప్ప వంటింట్లోకి పరిగెత్తాడు. పప్పు నోట్లో వేసుకు చూశాడు. ఉప్పు సరిగానే ఉంది. రెండోరోజు తనే దగ్గరుండి వండించాడు. తాత అదే మాట అడిగాడు, అవ్వ అదే మాట చెప్పింది, తాత అవే నీళ్ళు తాగాడు. అవ్వ పాత కొలతకే సంగటి కెలికింది కాబోలు, గిన్నెలో ముద్దలు అట్లాగే మిగిలిపోయాయి. తన వంటిల్లు తాతను పస్తు పెడుతోందని కుళ్ళాయప్పకు ఏడుపొచ్చింది.

మూడోరోజు పొద్దెక్కేవేళ బండ కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండు రోజులుగా కన్ను మూయలేదేమో, మాగన్నుగా నిద్ర పట్టింది. పొగ లేదు గనక గవాచి కింద ఎండకడ్డీ కూడా లేదు. నేల మీద రొట్టెంత వెలుగు మాత్రం మెల్లగా పాకుతోంది. కలలో ఆ వెలుగు లేచి నిలబడి నడిచింది. గుమ్మం కోసం గోడంతా తడిమింది. ఎక్కడో గొలుసు మోగింది. రెండుసార్లు. ఆగింది. మళ్ళీ రెండుసార్లు.

కళ్ళు తెరిచాడు. వెలుగు గోడ మొదట్లో ఆగి ఉంది. గొలుసు ఇంకా మోగుతూనే ఉంది.

వీపు వెనకాలే! అవ్వ వంక చూశాడు. ఆమె బండ దగ్గర సంగటి కెలుకుతోంది, కుక్కర్ కూతలో ఆమెకేమీ వినబడలేదు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, కొత్త గోడకు ఇంకా మొలవలేదు మరి.

ముందు గుమ్మంలోంచి బయటపడి, ఇల్లంతా చుట్టి, కంపచెట్లు తప్పించుకుంటూ వెనక్కి వెళ్ళాడు. గోడ బయట దస్తగిరి తాత నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. తుప్పు పట్టిన పాత గొళ్ళెం గొలుసును గోడకు తాకిస్తున్నాడు. రెండుసార్లు. ఆగి, మళ్ళీ రెండుసార్లు.

"ఏం చేస్తుండావు తాతా?"

"అన్నానికొచ్చినా అబ్బీ."

"ఇదేంది తాతా! ముందరికి రా. బెంచీ ఉంది, కంచం పెట్టినా."

తాత తల దించుకున్నాడు.

"సిగ్గయితాది అబ్బీ" అన్నాడు.

కుళ్ళాయప్ప తాత వెనక నేల మీద కూర్చున్నాడు.

అప్పుడు చూశాడు కాలిబాటను. ఏటి ఇసుకలోంచి సన్నగా బయల్దేరి, కంపచెట్ల సందుల్లోంచి వంకర తిరిగి, నేరుగా వచ్చి తన గోడకు తగిలి ఆగిపోయింది. ఎన్నో పాదాలు నడిస్తే గానీ నేల అంత నున్నగా కాదు. అందులో తన పాదాలూ ఉన్నాయి. తొమ్మిదేళ్ళ కింద తను నేసే మగ్గం ఆగిపోయి, మూడు రోజుల పస్తుతో ఏటి వెంబడి వస్తుంటే, ముందు గుమ్మం దాకా వెళ్ళి కూడా పది మందిని చూసి వెనక్కి తిరిగాడు. ఈ బాటన వచ్చి గొళ్ళెం తాకించాడు. తలుపు జానెడు తెరుచుకుంది. వేడి ముద్ద అరచేతిలో పడింది. చీకటి లోపలి నుంచి ఒక గొంతు వినబడింది. ఆ ముద్ద తిన్నాకనే అతనికి బతకాలనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఈ వైపు రాలేదు. గోడ కూడా లోపలి నుంచే కట్టాడు.

దూరంగా కంపచెట్ల దగ్గర నల్లటి గొడుగు ఒకటి కనబడింది. కాసేపు ఆగింది. గోడను చూసింది కాబోలు, మెల్లగా వెనక్కి తిరిగింది.

కుళ్ళాయప్ప లేచి పరిగెత్తాడు. గునపం తెచ్చాడు. తను ముచ్చటపడి నున్న చేసిన గోడను ఛాతీ ఎత్తున పొడిచాడు. సిమెంటు పెళ్ళలు రాలాయి. చేతులు బొబ్బలెక్కుతున్నా ఆగలేదు. చివరికి ఒక ఇటుక కదిలి లోపల బండ మీద పడింది.

రెండో ఇటుక లాగుదామని కన్నంలోకి చెయ్యి పెట్టాడు. అరచెయ్యి పైకి తిరిగి ఉంది.

చేతిలో వేడిగా ఏదో పడింది.

సంగటి ముద్ద. గుంటలో పప్పు. లోపల అవ్వ వంగి చూడలేదు, ఎవరని అడగలేదు.

"రేపు గూడా పొయ్యి మండుతాది" అంది.

కుళ్ళాయప్ప ముద్ద పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. కన్నీళ్ళు దుమ్ము మొహం మీద చారలు కట్టాయి. కాసేపటికి వెనకాల ఆకులు గలగలమన్నాయి. ఎవరివో అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. అతని కాళ్ళ పక్కన నేల మీద గుండ్రంగా నీడ పడింది.

"నీకు అందింది గదా, జరుగబ్బీ" అన్నాడు తాత మెల్లగా. "ఎనక మనుషులుండారు."

కుళ్ళాయప్ప వెనక్కి తిరిగి చూడలేదు. తల వంచుకుని పక్కకు జరిగాడు.