దోనె నీడలో ఎర్రపిల్లలు

కొల్లేరు సరస్సు నడుమ ఒక చిన్న లంకలో ఏడుకొండలు అనే జాలరి ఉండేవాడు; అతని గాలానికి చిక్కిన చేపైనా ఒక్కోసారి తప్పించుకునేదేమో గానీ, అతని నోటికి చిక్కిన మనిషి మాత్రం తప్పించుకునేవాడు కాదు. తప్పు చేసినా సరే, వాదించి ఒప్పు చేసుకునేవాడు. ఎదుటివాళ్లు విసిగి నోరు మూసుకుంటే "చూశారా, జవాబు లేదు!" అని తొడ చరిచేవాడు.

ఆ లంకలో ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా పుట్టిన కొర్రమీను పిల్లలు నీటి మీద ఎర్రటి ముద్దలా తిరుగుతాయి. తల్లి వాటి కిందే ఉండి కాపలా కాస్తుంది. దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది, పిల్లల్ని వదిలి పారిపోదు. అప్పుడు దాన్ని పట్టడమంత తేలిక మరొకటి లేదు. అందుకే పట్టకూడదు అనేవారు పెద్దలు.

ఆ ఏడాది ఏడుకొండలు భార్య సామ్రాజ్యం ఆడపిల్లను కన్నది. మనిషి బాగా నీరసించిపోయింది. పొగబెట్టిన కొర్రమీను పులుసు పెడితే బాలింతకు సత్తువ వస్తుందని అందరూ అన్నారు. రెండు రోజులు తిరిగినా అతనికి ఒక్క చేప పడలేదు. మూడోనాడు పొద్దున నాచు పక్కన ఎర్రముద్ద కనిపించింది. ఏడుకొండలు అటూ ఇటూ చూశాడు. కప్పను గుచ్చిన గాలం సరిగ్గా దాని నడిమధ్యన వేశాడు. నీళ్లు భళ్లున పగిలాయి. మూరెడు చేప దోనెలో పడింది.

ఒడ్డున చేపలకు పొగబెట్టే నాంచారమ్మ దాన్ని చూసి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది పిల్లలతల్లి కదరా?"

"అయితే ఏమైంది అత్తా? మా ఇంట్లో ఉన్నది పిల్లలతల్లి కాదా?"

"తప్పురా."

"ఏది తప్పు? నేను వదిలేస్తే మాత్రం కొంగ ఆ పిల్లల్ని తినదా? కొంగకి లేని కట్టుబాటు నాకెందుకు? చెప్పు!"

నాంచారమ్మ చేతులు దులుపుకుంది. "నీతో వాదించడం నా వల్ల కాదు నాయనా. పొగ మాత్రం నువ్వే పెట్టుకో" అని లేచి వెళ్లిపోయింది.

ఏడుకొండలు తొడ చరిచాడు.

చేపను కోసి కడిగి, ఉప్పూ పసుపూ రాసి వెదురు తడిక మీద పరిచాడు. కింద కొబ్బరి పీచు రాజేశాడు. ఆకు కదలని మధ్యాహ్నం. పొగ నిటారుగా పైకి లేవాలి. లేవలేదు. నేలకు దిగి, ముద్దగా చుట్టుకుని, మెల్లగా నీటి వైపు పాకింది. అంచున ఆగి, అక్కడే గుండ్రంగా తిరగసాగింది, దేన్నో వెతుక్కుంటున్నట్టు.

"పీచు తడిసింది, అంతే" అన్నాడు ఏడుకొండలు. పక్కన ఎవరూ లేరు. ఎవరితో అన్నాడో అతనికే తెలియలేదు.

సామ్రాజ్యం పులుసు తిన్నది. ఆ తర్వాత బిడ్డ పాలు ముట్టలేదు. ఏడవనూ లేదు. కొల్లేరు వైపు మొహం తిప్పి, చప్పుడు లేకుండా నోరు తెరిచి మూసింది. మళ్లీ తెరిచి మూసింది.

"ఏమయ్యా, ఏం చేప తెచ్చావు?" అంది సామ్రాజ్యం.

ఏడుకొండలు కొంగ సంగతి, కట్టుబాటు సంగతి, తన వాదమంతా వరసగా వినిపించాడు. ఆమె మొత్తం విన్నది.

"బాగా చెప్పావు. ఆ మాటలే కాస్త ఉగ్గుగిన్నెలో పట్టి తీసుకురా. తాగుతుందేమో చూద్దాం."

ఏడుకొండలు లేచి, గుడిసె బయటికి నడిచాడు.

తెల్లవారగానే దోనె వేసుకుని ఆ నాచు దగ్గరికి వెళ్లాడు. ఎర్రముద్ద అక్కడే ఉంది. చూస్తుండగానే జరిగి జరిగి అతని దోనె నీడలోకి వచ్చింది. అతను తెడ్డు వేస్తే కదిలింది. ఆపితే ఆగింది. వందల నోళ్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి, ఒక్కసారిగా మూసుకున్నాయి. చప్పుడు లేదు. అచ్చం తన బిడ్డలాగే.

"పోండి! నేను కాకపోతే ఇంకొకడు పట్టేవాడు మీ అమ్మని!" అని అరిచాడు.

నీళ్లు జవాబివ్వలేదు. అయినా తొడ చరచడానికి అతనికి చెయ్యి లేవలేదు.

అంతలో ఒక కొంగ రివ్వున దిగింది. ఏడుకొండలు ఆలోచించలేదు, తెడ్డెత్తి తరిమాడు. అదే క్షణాన ఒడ్డున తన గుడిసెలోంచి పసిబిడ్డ కేరుమన్న ఏడుపు వినిపించింది. బిడ్డ పాల కోసం ఏడుస్తోందని ఒడ్డు నుంచి ఎవరో కేక వేశారు.

అతను గబగబా ఇంటివైపు దోనె తిప్పాడు. ఏడుపు టక్కున ఆగిపోయింది. మళ్లీ ఎర్రముద్ద వైపు తిప్పాడు. ఏడుపు మళ్లీ వినిపించింది. తను ఆ పిల్లలకు కాపలా ఉన్నంతసేపే తన బిడ్డ పాలు తాగుతుందని అతనికి అర్థమైంది.

ఆ తర్వాత పదిహేను రోజులు ఏడుకొండలు నీటి మీదే ఉన్నాడు. ఎండకు వీపు కాలింది. వల వేయలేదు, గాలం ముట్టలేదు. వచ్చిన ప్రతి కొంగనూ తరిమాడు. నాంచారమ్మ రోజూ దోనెలో గంజి తెచ్చి ఇచ్చేది.

"ఏరా, కొంగకి లేని కట్టుబాటు నీకెందుకురా?" అంది ఒకనాడు.

అతని దగ్గర జవాబు ఉంది. కానీ వాదించలేదు. తల దించుకుని గంజి తాగాడు.

పదహారోనాడు పిల్లలు ఎరుపు పోయి నల్లబడి, ఒక్కొక్కటే నాచులోకి జారిపోయాయి. ఒడ్డున నాంచారమ్మ పెట్టిన పొగ నిటారుగా లేచింది. ఏడుకొండలు ఇంటికి వెళ్లేసరికి బిడ్డ కడుపునిండా తాగి తల్లి ఒళ్లో నిద్రపోతోంది. అయితే గాలి లేని మధ్యాహ్నాలు మాత్రం అతను బతికినంత కాలం దోనె పక్కకు వంగి, తన నీడలో ఏమైనా కదులుతోందా అని చూసుకునేవాడు.

ఎదుటివాళ్ల దగ్గర జవాబు లేనంత మాత్రాన మన తప్పు ఒప్పు అయిపోదు. వాదంలో గెలవడం వేరు, న్యాయంగా నడవడం వేరు.